ఇద్దరికి సరిపోయే ర్యామ్

పదహారయితే ఇద్దరికీ సరిపోతుంది, ఎనిమిదయితే ఒక్కరికే, అలాగే అన్నాడా క్రీస్తుదాసు లేక తనే అలా విన్నదా, ఒక్కరు వాడుకోడానికి ఎనిమిది జీబీ బోలెడు మేడమ్ అన్నట్టు గుర్తు, ఇద్దరి మాట అతను ఎత్తలేదు, ఎత్తింది తనే, ఇద్దరం వాడతామండి అనేసింది, అనేశాక శ్రీదుర్గ నాలుక కరుచుకుంది, అతను విననట్టే స్టూలు మీద వంగి మానిటర్ వంక చూస్తున్నాడు, ఏలూరులో అతనిది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు, ఈ సిస్టమ్ ఆమె భర్త గోపీచంద్‌కి అమ్మిందీ, కలిదిండిలోని ఈ ఇంటికి తెచ్చి బిగించిందీ అతనే, గోపీగారు పోయినప్పుడు రాలేకపోయానండి, ఆ వారం మా అమ్మాయి పెళ్ళి, అని గుమ్మంలోనే చెప్పి చెప్పులు విడిచాడు, పెళ్ళి బాగా జరిగిందా అని శ్రీదుర్గ అడిగింది, సిస్టమ్ ఎక్కడుందండి అన్నాడు, ఎక్కడుంటుంది, అతను పెట్టిన చోటే ఉంది, కిటికీ పక్కన, కిందటిసారి ఇక్కడ కూర్చుని టీ తాగుతూ గోపీచంద్‌తో నవ్విన చోటే, అప్పుడూ ఇదే చర్చ, నాలుగు చాలదా అని గోపీచంద్, ఎనిమిది వేయించుకోండి సార్, మేడమ్ ఫ్లెక్సీలు చేస్తారు కదా అని క్రీస్తుదాసు, అంటే నా పని తేలిక, మా ఆవిడ పని బరువా అని గోపీచంద్, బరువేనండీ, మీరు నీళ్ళు కొలుస్తారు, నేను ఊరందరి తలకాయలూ మోస్తాను అని తను, ఆ తలకాయలే ఇప్పుడు ప్రాణం మీదికి తెచ్చాయి, కొల్లేటికోట జాతరకి లంక గ్రామం కుర్రాళ్ళు ఫ్లెక్సీ అడిగారు, ఫోటోలు పంపారు, అమ్మవారు ఒక మూల, మిగతా జాగా అంతా సర్పంచ్, మాజీ సర్పంచ్, వాళ్ళ బావమరుదులు, ఆ బావమరుదుల స్నేహితులు, ఒక్కో తల కత్తిరించి ఒక్కో పొరగా పెట్టాలి, కొన్ని తలలు పెట్టేసరికి తెర బిగుసుకుపోతోంది, మౌసు కదలదు, చక్రం తిరుగుతూ ఉంటుంది, అవతల కుర్రాళ్ళు ఫోను, అక్కా మా బాబాయ్ తల ఏదీ, తలలు తగ్గించండి బాబూ సిస్టమ్ మొయ్యట్లేదు అంటే, తగ్గిస్తే మా తలలే లేచిపోతాయక్కా, నీకేం అని, ఇటు ఫ్లెక్సీలు అచ్చువేసే గూడెం ప్రెస్సువాళ్ళు ఇంకా ఫైలు రాలేదేంటమ్మా అని, జాతర దాటాక ఫ్లెక్సీ ఎవరికి కావాలి అని, అందుకే క్రీస్తుదాసుకి ఫోన్ చేసింది, ఇంకో రోజు ఆగగలిగితే చేసేది కాదు.

క్రీస్తుదాసు ఆమె తెరిచినవన్నీ మూయించి చూశాడు, మీవేవీ లేకపోయినా సగానికి పైగా నిండే ఉంది మేడమ్, వెనకాల ఇంకో లాగిన్ నడుస్తోంది అన్నాడు, అని లాగిన్ తెర పైకి తెచ్చాడు, రెండు పేర్లు, గోపీచంద్, శ్రీదుర్గ, రెండు పేర్ల కిందా సైన్డ్ ఇన్ అని సన్న అక్షరాలు, ఇద్దరూ లోపలే ఉన్నట్టు, అది ఆమెకి తెలియని సంగతేం కాదు, రోజూ పొద్దున తెరని నిద్రలేపాక ముందు చూసేది ఆ అక్షరాలనే, ఉన్నాయా అని చూసుకుని అప్పుడు తన పేరు నొక్కుతుంది, అతను తెర వంకా ఆమె వంకా చూశాడు, ఎన్నాళ్ళనుంచి మేడమ్ అన్నాడు, భాద్రపదం నుంచండి అంది, అతను నెలలు లెక్కపెట్టుకున్నట్టున్నాడు, టీ గ్లాసు పైకెత్తి మళ్ళీ కింద పెట్టాడు.

భాద్రపదంలో ఆ తెల్లవారుజామున మబ్బు పట్టి ఉంది, మబ్బు రోజున చెరువుల వాళ్ళు నిద్రపోరు, నీళ్ళలో గాలి తగ్గి చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి, గోపీచంద్‌ది నీళ్ళు పరీక్షచేసే ల్యాబు, సీసాలో చెరువు నీళ్ళు తెస్తే ఆక్సిజన్ ఎంత, అమ్మోనియా ఎంత చూసి రిపోర్టు కొట్టి ఇస్తాడు, అలాంటి పొద్దున ఫోను మోగకుండా ఉండదు, ఆయన ఈ కుర్చీలోనే కూర్చుని ఏదో కొడుతున్నాడు, ఏం కొడుతున్నాడో తను చూడలేదు, వంటింట్లో ఉంది, కాఫీ కలుపుతోంది, ఫోను మోగింది, వస్తున్నా వస్తున్నా రాజుగారూ అన్నాడు, చొక్కా వేసుకుంటూ వంటింట్లోకి తొంగిచూసి, నాది తెరిచే ఉంది, ఆపకు, వచ్చి చూసుకుంటాను, నీకు పనుంటే నీ లాగిన్‌లో చేసుకో అన్నాడు, కాఫీ అంది, వచ్చి తాగుతాను అన్నాడు, ఆయన రాలేదు, తెచ్చారు, కాఫీ ఎవరు పారబోశారో ఇప్పటికీ తెలియదు, ఇంటినిండా మనుషులు, ఎవరో ఆడవాళ్ళు గిన్నెలన్నీ కడిగేశారు, కానీ ఈ గదిలోకి ఎవరూ రాలేదు, వచ్చినా తెర నల్లగా ఉండి పెట్టె ఊపిరి చప్పుడు చేస్తూ ఉండటం ఎవరూ గమనించలేదు, చిన్నకార్యం అయ్యాక ఒక మధ్యాహ్నం వచ్చి మౌసు కదిపింది, ఆయన పేరు, సైన్డ్ ఇన్, పాస్‌వర్డ్ అడిగింది, పాప పేరు కొట్టింది, కాదంది, పెళ్ళిరోజు కొట్టింది, కాదంది, ఇంకోటి తప్పు కొడితే తాళం పడిపోతుందేమో అని భయమేసింది, స్విచ్ యూజర్ నొక్కి తన పేరుతో లోపలికి వెళ్ళింది, అంతే, ఆ రోజునుంచి ఆపలేదు, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది, దాని బ్యాటరీలో నీళ్ళు తనే పోస్తుంది, ఫ్యాను ఆపేసి చెమటలో కూర్చుంటుంది గానీ సిస్టమ్‌కి మాత్రం ఛార్జ్ ఉండాలి, అప్‌డేట్ వచ్చింది, రీస్టార్ట్ చేస్తాను అని తెర మీద రాసింది, నెట్ తీగ పీకేసింది, అప్పటినుంచి ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని సెంటర్లో సెల్‌ఫోన్ల కొట్టుకి నడిచి వెళ్ళి గూడెం పంపించుకుంటుంది, ఇంట్లో నెట్ ఉండి ఇదేం ఖర్మండీ అని కొట్టువాడు నవ్వుతాడు, పాడైంది అంటుంది, హాస్టల్ నుంచి పాప తేజస్వి ఫోనులో అడుగుతుంది, అమ్మా వైఫై పెట్టించవే అని, పెట్టిస్తానమ్మా అంటుంది, అత్తగారు సీతారత్నం అయితే, మనుషులకి ఫ్యాను లేదు, దానికి మాత్రం కరెంటు, నా కొడుకు బతికుండగా దీపం ఆర్పకుండా పడుకున్నాడా ఏనాడైనా అంటుంది, అని గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, లోపలికి వచ్చి మాత్రం ఏదీ ముట్టుకోదు.

పెద్దకార్యం కార్డు కూడా ఇక్కడే చేసింది, చేయకూడదన్నారు అందరూ, నువ్వెందుకమ్మా, బయట చేయిద్దాం అన్నారు, ఊరందరి శ్రద్ధాంజలులూ చేసినదాన్ని, మా ఆయనది ఇంకెవరో చెయ్యడమేంటి అంది, పాత ఫైలు తెరిచి పేరు మార్చడం అలవాటైన పని, ఎవరిదో గృహప్రవేశం, ఎవరిదో అన్నప్రాశన, దేవుడి బొమ్మ తీసి ఫోటో పెట్టడం, శుభం అన్న మాట చెరపడం, అలాగే చేసింది, ఏడవకుండా చేసింది, అందుకు తనని తాను మెచ్చుకుంది కూడా, అచ్చయి వచ్చాయి, పంచారు, తిన్నారు, వెళ్ళారు, ఆ తర్వాత ఎప్పుడో అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని కార్డు చివరిదాకా చదివింది, ఆహ్వానించువారు, గోపీచంద్, శ్రీదుర్గ దంపతులు, ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఏ కార్డు చేసినా ఆ వరస చేతికి అదే వచ్చేస్తుంది, తన పెద్దకార్యానికి ఆయనే అందరినీ పిలిచాడు, ఊళ్ళో ఒక్కరూ అనలేదు, చదివే ఉంటారు, అత్తగారు కార్డు మడిచి, మంచిదే లేవే, వాడు పిలిస్తే రానివాళ్ళెవరున్నారు అంది, ఆ మాట అన్నాక ఇద్దరూ కలిసి ఏడ్చారు, అంతకుముందు ఎవరి మూల వాళ్ళు ఏడ్చుకున్నారు.

ఏం చేద్దామంటారు మేడమ్, క్రీస్తుదాసు గొంతు సవరించుకుంటున్నాడు, చూడండి, పదహారు వేస్తే నాకు లాభమే, కానీ ఉన్నమాట చెప్పాలి కదా, సార్ లాగిన్ ఒక్కటీ సైన్ అవుట్ చేసేస్తే ఉన్న ఎనిమిదే మీ ఫ్లెక్సీకి చాలిపోద్ది, కొత్తది అక్కర్లేదు, అలాగే ఉండాలి అంటే ఇంకో ఎనిమిది వెయ్యాలి, ఇంకో మార్గం లేదు, ఆ రెండో మాట విని శ్రీదుర్గకి ప్రాణం లేచొచ్చింది, మార్గం ఉందన్నమాట, ఇద్దరూ ఉండొచ్చన్నమాట, ఆయన జాగా ఆయనకి ఉంటుంది, ఆ పక్కన తన తలకాయలు తను పేర్చుకుంటుంది, ఎవరికెవరూ అడ్డం కారు, ఇన్నాళ్ళూ అదే కదా బాధ, ఫ్లెక్సీ బిగుసుకుపోయినప్పుడల్లా విసుగొచ్చేది, ఆ విసుగు ఎవరి మీదికి పోతుందో తెలిసి భయపడేది, ఒకరోజు ఆ కుర్రాళ్ళు ఫోనులో గోల చేస్తుంటే, అబ్బా మీరు కాస్త జరగండీ అని పైకే అనేసింది, ఖాళీ గదిలో, కుర్రాళ్ళు ఏంటక్కా అన్నారు, మిమ్మల్ని కాదులే అంది, వేసెయ్యండి, పదహారే ఉంచండి అంది క్రీస్తుదాసుతో, మేడమ్ ఆలోచించుకోండి, ఆలోచించే చెప్తున్నానండి, లోపల ఏముందో చూడాలని ఉంటే చెప్పండి, పాస్‌వర్డ్ తీసేద్దాం, తియ్యాలన్నా ముందు సిస్టమ్ ఆపాలి అనుకోండి, సార్ మీ లాగిన్‌కి ఆ హక్కు ఇవ్వలేదు, వద్దండి, ఏముందో నాకక్కర్లేదు, ఉంటే చాలు, అతను సంచిలోంచి చిన్న అట్టపెట్టె తీశాడు, సిస్టమ్ పెట్టె పక్క రేకు ఊడదీశాడు, లోపల దుమ్ము, చిన్న ఫ్యాను తిరుగుతోంది, ఆకుపచ్చ దీపం ఒకటి, ఆయన ఉన్నది ఇందులోనా అనుకుంది, ఇందులో ఏ మూల, అదిగోండి, ఒక గాడిలో ఉంది, పక్కది ఖాళీ, అక్కడ గుచ్చడమే, అరనిమిషం పని అన్నాడు క్రీస్తుదాసు, అని ఆమె వైపు తిరిగి, షట్‌డౌన్ కొట్టండి మేడమ్ అన్నాడు.

షట్‌డౌన్ అంటే, ఆపడమండి, ఆపితే, ఆపితే అన్నీ మూసుకుంటాయి కదండీ, సార్‌వి కూడా, అతనికీ అప్పుడే తట్టినట్టుంది, చేతిలో ర్యామ్ ముక్క పట్టుకుని అలాగే ఉండిపోయాడు, ఆయన్ని ఉంచడానికి జాగా పెంచాలి, జాగా పెంచాలంటే ఆయన్ని తియ్యాలి, తీసేస్తే పెంచక్కర్లేదు, ఈ మాట ఇందాకే చెప్పొచ్చు కదా అని అతని మీద కోపం వచ్చింది, మరుక్షణం పోయింది, అతనికేం తెలుసు, తను అడిగింది ఎనిమిదా పదహారా అనే కదా, అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది, ఏమంటున్నాడే అంది, ఆపాలంటున్నారత్తయ్యా, ఎప్పుడూ సాధించే మనిషి ఇప్పుడు తలుపు రెక్క పట్టుకుని నిలబడిపోయింది, అది చూసి శ్రీదుర్గకి ఎక్కడలేని తెగింపూ వచ్చింది, ఆపకుండా పెట్టండి అంది, ఏంటండీ, రన్నింగ్‌లోనే గుచ్చెయ్యండి, అరనిమిషమేగా అన్నారు, చెయ్యి పెట్టి గుచ్చేసి తీసెయ్యండి, ఏమీ కాదు, క్రీస్తుదాసు నవ్వబోయాడు, అమ్మో, రన్నింగ్‌లో ఎవరూ పెట్టరు మేడమ్, ముక్క కాలిపోద్ది, బోర్డు పోద్ది, అయినా కరెంటు ఉండగా లోపల చెయ్యి పెడితే, అని అక్కడికి ఆపేశాడు, ఆపేసి తల దించుకున్నాడు, గోపీచంద్ ఎలా పోయాడో అతనికి ఎవరో చెప్పే ఉంటారు.

చెరువులో ఏరేటర్లు తిరుగుతున్నాయి, నీళ్ళు చిలికి గాలి కలిపే మోటార్లు అవి, గట్టు మీదినుంచి తీగ నీళ్ళలోకి దిగుతుంది, ఆ తీగ ఎక్కడో తొక్క ఊడింది, ఎవరూ చూడలేదు, గోపీచంద్ గట్టు దిగి సీసా ముంచడానికి నీళ్ళలో చెయ్యి పెట్టాడు, నీళ్ళు తియ్యబోయే ముందు మోటార్లు ఆపాలి, అది ఆయనకి తెలుసు, అందరికీ తెలుసు, మబ్బు రోజున మాత్రం ఎవరూ ఆపరు, ఆపితే చేప తేలిపోతుందని భయం, చెరువు గలాయన వెంకట్రాజు పెద్దకార్యానికి వచ్చి వాకిట్లో నిలబడి చెప్పాడు, నేను ఆపుతానన్నానమ్మా, స్విచ్చి దగ్గరికి వెళ్ళాను కూడా, గోపీయే వద్దన్నాడు, ఆపకండి రాజుగారూ, అరనిమిషం పని, ముంచి వచ్చేస్తానన్నాడు, నా మాట నమ్మమ్మా అన్నాడు, శ్రీదుర్గ నమ్మలేదు, చేపల కోసం మనిషిని చంపుకుని ఇప్పుడు చచ్చినవాడి మీదికి నెడతారా అంది, వాకిట్లో అందరి ముందూ అంది, ఆ పెద్దమనిషి కండువాతో మొహం తుడుచుకుని భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడు, ఆ తర్వాత రెండుసార్లు మనిషిని పంపాడు, పాప చదువుకి ఏదైనా చేస్తానని, తలుపు తియ్యలేదు, బస్‌స్టాండులో ఎదురుపడితే అవతలి పక్కకి నడిచింది, రోజూ అనుకుంటుంది, ఒక్క అరనిమిషం ఆపి ఉంటే ఏం పోయేది, వంట చేస్తూ అనుకుంటుంది, తలకాయలు కత్తిరిస్తూ అనుకుంటుంది, అంత చదువుకున్నవాడు, రోజూ ఊరందరికీ జాగ్రత్తలు చెప్పేవాడు, ఆపొద్దు అని ఎలా అంటాడు, అననే అనడు, అలా అనడానికి మనిషికి మతి పోవాలి, అనుకుంటుంది, మరి ఇప్పుడు తన నోట వచ్చిన మాట ఏమిటి.

క్రీస్తుదాసు ఇంకా పెట్టె ముందే కూర్చుని ఉన్నాడు, చెయ్యి రేకు అంచు మీద ఉంది, ఆ చేతి అవతల ఫ్యాను తిరుగుతోంది, చెయ్యి తియ్యండి అని శ్రీదుర్గ అరిచింది, అతను ఉలిక్కిపడి తీసేశాడు, అత్తగారు రెండడుగులు లోపలికి వచ్చింది, మీరు ఆ ముక్క సంచిలో పెట్టేసుకోండి, ఎనిమిదే ఉండనివ్వండి, ఒక్కదానికి చాలు అంది శ్రీదుర్గ, కుర్చీలో కూర్చుంది, తను అడిగినప్పుడు మతి పోయి అడగలేదు, అతనికి అపకారం చెయ్యాలనీ అడగలేదు, ఎంత మామూలుగా అంది, ఏమీ కాదు అంది, లోపల ఉన్నది పోకూడదు, అదొక్కటే కళ్ళ ముందుంది, చెయ్యి కనపడలేదు, మనిషి కనపడలేదు, ఆయనకీ ఆ పొద్దున నోళ్ళు తెరుచుకున్న చేపలే కనపడి ఉంటాయి, ఒకాయన కష్టం తన మూలంగా ఆగిపోకూడదని ఉంటుంది, ఆయన తీరే అంత, బండి మీద వెనక కూర్చుని తను జారిపోతున్నా నడిపేవాణ్ణి ఆగనివ్వడు, షట్‌డౌన్ నొక్కింది, తెర మీద ఇంగ్లీషులో ఒక మాట వచ్చింది, ఈ కంప్యూటర్‌ని ఇంకా ఎవరో వాడుతున్నారు, ఇప్పుడు ఆపితే వాళ్ళు సేవ్ చేసుకోనిది పోవచ్చు, అయినా ఆపమంటారా అని, అత్తగారు వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసి ఏమని రాశాడే అంది, ఏం లేదత్తయ్యా అంది, నీళ్ళు నిండి కాసేపు తెర కనపడలేదు, కళ్ళు తుడుచుకుంది, నొక్కింది, ఫ్యాను నెమ్మదించి ఆగింది, ఇన్ని నెలల్లో మొదటిసారి గదిలో ఆ చప్పుడు లేదు, వీధిలో ఎవరో సైకిలు మీద పోతున్నారు, రేపు పొద్దున బస్సెక్కి వెంకట్రాజు గారింటికి వెళ్ళాలి, ఏమని మొదలుపెట్టాలో తెలియదు, ఆయన ఆపుతానన్నాడు, స్విచ్చి దాకా వెళ్ళాడు, వద్దన్నది గోపీచందే, వాకిట్లో నిలబడి అంతమంది ముందు ఆ పెద్దమనిషి చెప్పింది నిజమే.